దక్షిణపు దారి

మోర్మన్ గ్రంథంలోని ఆల్మా పుస్తకం, ఎనిమిదో అధ్యాయం 18వ వచనాన్ని మన కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో సగమే చదువుతారు. మిషన్‌కు, అంటే సువార్త సేవకు, బయల్దేరే ఎల్డర్‌కు (యువ మిషనరీకి) చెప్పే వీడ్కోలు ప్రసంగంలోనైనా, మధ్యలో దిగులుపడ్డ మిషనరీ సిస్టర్‌కు పంపే మెసేజ్‌లోనైనా ఆ మొదటి సగమే వినిపిస్తుంది: దూత మాట వినగానే ఆల్మా ప్రవక్త త్వరపడి, తనను తరిమేసిన అమ్మోనైహా పట్టణానికి తిరిగి వెళ్లాడు. "పట్టుదలంటే అదీ!" అని అక్కడితో గ్రంథం మూసేస్తారు. వచనం మాత్రం ఇంకా అయిపోలేదు. ఆయన వేరొక మార్గాన, పట్టణానికి దక్షిణంగా ఉన్న మార్గాన లోపలికి వెళ్లాడని ఆ వెంటనే ఉంది. లోహపు పలకల మీద చెక్కడం ఎంత కష్టమో మోర్మన్ గ్రంథమే చెప్పుకుంటుంది. అంత కష్టంలోనూ ఏ దిక్కు నుంచి వెళ్లాడో చెక్కిపెట్టారంటే ఊరికే చెక్కి ఉండరు.

ఆల్మా మొదటిసారి ఆ ఊళ్లో బోధించినప్పుడు ఏం జరిగిందో మీకు తెలిసిందే. తిట్టారు, ఉమ్మేశారు, ఊరి బయటికి తరిమారు. అయితే అంతకు ముందున్న పదో వచనాన్ని కూడా చూడండి. ఆ పట్టణం కోసం ఆల్మా ప్రార్థనలో దేవునితో పెనుగులాడాడు. అంత ప్రార్థించాక కూడా తరిమేశారు. బాప్తిస్మాలు లేని మిషనరీతో "ప్రార్థన చాలడం లేదేమో, విశ్వాసం పెంచుకో" అనేవాళ్లు ఈ వచనం చదివాక నోరు తెరవడం మంచిది.

దుఃఖభారంతో అహరోను పట్టణం వైపు నడుస్తున్న ఆయనకు దూత ఎదురయ్యాడు. నీవు ధన్యుడవు, తలెత్తు, సంతోషించు అన్నాడు. ఎందుకు సంతోషించాలి? ఊరు మారుతుందని కాదు, ఆ మాట దూత ఎక్కడా ఇవ్వలేదు. మొదటి వర్తమానం అందిన నాటి నుంచి నమ్మకంగా ఉన్నావు గనుక సంతోషించమన్నాడు. ఆ మొదటి వర్తమానం తెచ్చింది కూడా తానేనని చెప్పాడు. తిరిగి వెళ్లమన్నాడే గాని ఏ దారిన వెళ్లాలో చెప్పినట్టు వచనంలో లేదు. దక్షిణపు దారిని ఆల్మా తానే ఎంచుకున్నాడనిపిస్తుంది. పని ప్రభువు అప్పగించాడు, దారి వెతకడం మాత్రం సేవకుడి బుర్రకే వదిలేశాడు.

ఇప్పుడు పదో అధ్యాయం ఏడో వచనం దీని పక్కన పెట్టి చదవండి. అమ్మోనైహాలోనే ఉండే అమ్యులెక్ అనే ఆయన చాలా దగ్గరి బంధువును చూడ్డానికి ప్రయాణమై వెళ్తున్నాడు. దారిలో దూత ఆపి, నీ ఇంటికి తిరిగి వెళ్లు, ప్రభువు ప్రవక్తకు అన్నం పెట్టాలి అన్నాడు. అంటే తిరుగుముఖం పట్టింది ఆల్మా ఒక్కడే కాదు. ఊరు విడిచి పోతున్నవాణ్ని, చుట్టపుచూపుకు పోతున్నవాణ్ని, ఇద్దరినీ వెనక్కి తిప్పాడు దేవుడు. అటు ఆల్మా ఆకలితో లోపలికి అడుగుపెట్టి ఎవరినో ఒకరిని తినడానికేమైనా పెట్టమని అడిగేసరికి, ఇటు అమ్యులెక్ సిద్ధంగా ఉన్నాడు. పాత దారిలో పాత ముఖాలకే ఎదురుపడి ఉంటే? ఆ ఆలోచన వస్తే చాలు, ఈ వచనం మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

మరి మిషన్‌లో దక్షిణపు దారి ఎలా ఉంటుంది? పెద్ద దర్శనంలా ఏమీ ఉండదు. ఒకే ఇంటికి మూడుసార్లు, మూడుసార్లూ సాయంత్రం అదే వేళకు వెళ్లి, మూడుసార్లూ తాళం చూసి వచ్చి "మనసు కఠినం చేసుకున్నారు" అని రాసుకుంటారు. ఆ ఇంటాయన ఆ వేళకు డ్యూటీలో ఉన్నాడేమో! వేళ మార్చండి. ఆ పేటలోనే ఉండే సభ్యుణ్ని వెంటబెట్టుకెళ్లండి. పాఠం మొదలుపెట్టే ముందు ఆయన బాధేమిటో అడగండి. అపాయింట్‌మెంట్ తప్పిపోతుందని ముందే అనుకుని, ఒక్కోదానికి రెండు ప్రత్యామ్నాయాలు రాత్రి ప్లానింగ్‌లోనే, అదే వీధి చుట్టుపక్కల రాసిపెట్టుకోండి. లేకపోతే తాళం చూశాక రోడ్డు మీద నిలబడి ఆలోచించే ఆ ఇరవై నిమిషాల్లోనే దిగులు చొరబడుతుంది.

లెక్కల విషయం కూడా అంతే. ఇంతమంది బాప్తిస్మం తీసుకుంటారన్న లక్ష్యం ఎదుటివాళ్ల స్వేచ్ఛ మీద ఆధారపడింది. ఇంతమందితో మాట్లాడతాం, ఇన్ని ఇళ్లకు సభ్యులను తీసుకెళ్తాం అన్నది మన చేతిలో ఉన్నది. మొదటిదాన్ని తన యోగ్యతకు కొలబద్ద చేసుకున్న ఎల్డర్‌కు ఆదివారం రాత్రి సున్నా కనిపిస్తే పాపం చేసినట్టే ఉంటుంది.

కంపానియన్‌తో (జంటగా పనిచేసే తోటి మిషనరీతో) పొసగకపోతే చాలామంది చేసేది ట్రాన్స్‌ఫర్ కోసం నోరు మూసుకుని కాచుకోవడం. ఎలాగూ ఆరు వారాలే కదా అనుకుంటారు. అది ఓర్పు కాదు, ఊళ్లోనే ఉంటూ ఊరు విడిచిపోవడం. వారపు ప్లానింగ్ చివర ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకునే సమయం ఒకటుంది, దాన్ని వాడుకోండి. అయితే నెల రోజుల ఫిర్యాదులు ఒక్కసారే కుమ్మరించకండి. ముందు తన తప్పు ఒకటి ఒప్పుకుని, తర్వాత ఒకే ఒక్క విషయం అడగాలి.

ఇక ఉపవాసం. రెండు పూటలు, సుమారు 24 గంటలు, అంతవరకే. ఫలితం రాలేదని దాన్ని పొడిగించుకుంటూ పోయి ఎండలో కళ్లు తిరిగి పడిపోతే అది భక్తి కాదు. ఆల్మా చాలా దినాలు ఉపవాసమున్న మాట నిజమే. కానీ ఆ తర్వాత తిన్నాడు, తృప్తిగా తిన్నాడు. అంతే కాదు, ప్రకటించడం మొదలుపెట్టక ముందు అమ్యులెక్ ఇంట్లో చాలా రోజులు ఉండిపోయాడని ఎనిమిదో అధ్యాయం 27వ వచనం. త్వరపడి వచ్చినవాడే తీరిగ్గా కూర్చున్నాడు! ఆ రెండూ ఒకే మనిషి చేశాడని మన ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు.

మన దేశంలో సంఘం వచ్చిన తీరు కూడా ఇదే కదా. 1849లో సాల్ట్‌లేక్‌లో సండే స్కూల్ మొదలుపెట్టిన రిచర్డ్ బాలంటైన్ 1853లో మిషనరీగా మద్రాసు వచ్చి, మరుసటి ఏడాదే వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ వాకిలి మూసుకుంది. శతాబ్దం దాటాక సువార్త తెలుగువాళ్ల ఇంటికి సమోవా మీదుగా వచ్చింది. అక్కడ సంఘంలో చేరిన ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి సొంత బంధువులకు బోధిస్తే 22 మంది బాప్తిస్మం పొందారు. 2012లో దేశంలో మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) ఏర్పడింది హైదరాబాదులోనే. మద్రాసు ఓడ దిగిన ఆయన ఈ దారిని ఊహించగలిగేవాడా?

అమ్మోనైహా మాత్రం మారలేదు. విశ్వసించిన వాళ్ల భార్యాపిల్లలను అగ్నిలో వేశారు, ఆల్మాకూ అమ్యులెక్‌కూ అది బలవంతంగా చూపించి వాళ్లను చెరలో వేశారు. తర్వాత ఆ పట్టణం ఒక్క దినంలో నాశనమైంది. అమ్యులెక్ బంగారం, వెండి విడిచాడు, స్నేహితులూ తండ్రీ బంధువులూ ఆయన్ని విడిచారు. దూత మాట విని వెనక్కి వెళ్లిన మిషన్ అలా ముగిసింది.

ఇది చదివాక, ఆరోగ్యం చెడో మనసు కుంగో మిషన్ 24 నెలలు నిండకముందే ఇల్లు చేరిన కుర్రాడి వైపు మన వార్డులో (స్థానిక సంఘంలో) చూసే చూపు గురించి ఆలోచించండి. 18 నెలల మిషన్ పూర్తికాని సిస్టర్ గురించి వరండాలో గుసగుసలాడటం మానండి. "మళ్లీ ఎప్పుడు వెళ్తావు?" అని మొదటి ఆదివారమే అడక్కండి. స్టేకు అధ్యక్షుడు అతన్ని మిషన్ నుంచి విడుదల చేశాడంటే మీ దర్యాప్తు అక్కర్లేదు. అతనికి ఏదైనా పిలుపు (సంఘంలో ఒక బాధ్యత) ఇవ్వమని బిషప్పును అడగండి. ఇంట్లోనే ఉండి చేసే సేవా మిషన్ కూడా ఒకటుందని, అతను అడిగినప్పుడు చెప్పండి. ఆల్మా పదిహేనో అధ్యాయం 18వ వచనంలో, అంతా పోగొట్టుకున్న అమ్యులెక్‌ను ఆల్మా జరహేమ్లలోని తన సొంత ఇంటికి తీసుకెళ్లి, శ్రమల్లో పరిచర్య చేసి బలపరిచాడు. ఒకప్పుడు అన్నం పెట్టినవాడికి ఇప్పుడు అన్నం పెట్టాడు. వచ్చే ఆదివారం సభ అయ్యాక ఆ కుర్రాణ్ని భోజనానికి పిలవండి. మిషన్ కబుర్లు అతను చెబితే వినండి, చెప్పకపోతే ఇంకో ముద్ద కూర వడ్డించండి.