స్పానిష్ వాయిస్ మెయిళ్లు, ఇంగ్లీషు నోట్సు: నా అనుభవం

హ్యూస్టన్‌లోని ఒక డెంటల్ క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ ఉద్యోగంలో చేరినప్పుడు, స్పానిష్‌లో వచ్చే వాయిస్ మెయిళ్లను విని వాటి సారాన్ని ఇంగ్లీషులో నమోదు చేసే పనిని నాకు అప్పగించారు. మా పేషెంట్లలో చాలామంది మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలవారు. కాలేజీలో చదివిన స్పానిష్ ఫోన్లో దొర్లిపోయే మాటలను పట్టుకోవడానికి చాలలేదు కాబట్టి, మొదట్లో ప్రతి సందేశాన్నీ మళ్లీ మళ్లీ విని, చెవిన పడిన మాటను పడినట్టే తెలుగు లిపిలో రాసుకునేదాన్ని.

కొన్నాళ్లకు గమనిస్తే, అర్థం నాకు ముందుగా తెలుగులోనే తడుతోంది. ‘క్వార్తో పారా లాస్ త్రేస్’ అంటే అచ్చంగా మన పావుతక్కువ మూడు. ‘దోస్ ఈ మేదియా’ అంటే రెండున్నర. ఎవరైనా ‘ఎన్ కిన్సే దియాస్’ అన్నప్పుడు వేళ్లు మడిచి సరిగ్గా పదిహేనో రోజును వెతకనక్కరలేదు. మనం ‘పదిహేను రోజుల్లో రండి’ అన్నట్టే అది రెండు వారాల మాట. ‘దె ఓయ్ ఎన్ ఓచో’ మాత్రం కాస్త ఆలోచింపజేసింది. మాటల ప్రకారం అది నేటి నుంచి ఎనిమిది అయినా, ఈ రోజును కూడా కలిపి లెక్కించడం వల్ల దాని అర్థం వచ్చే వారం ఇదే రోజు. తేదీలో వాళ్లు మనలాగే రోజును ముందు చెబుతారు, అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి, నోట్సులో నెల పేరును అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకున్నాను.

అసలు శ్రమ ఇంగ్లీషులోకి దించేటప్పుడే మొదలయ్యేది. ‘నో వా ఆ పొదేర్ ఇర్’ అని ఒక తల్లి తన బిడ్డ గురించి సందేశం పెడితే, తెలుగులో ‘రావడం కుదరదట’ అని కర్త లేకుండానే చెప్పవచ్చు. ఇంగ్లీషు వాక్యం మాత్రం అబ్బాయా, అమ్మాయా అని నిలదీస్తుంది. ఇద్దరు పిల్లలకూ అపాయింట్‌మెంట్ ఉన్నప్పుడు ఊహించి రాయడం కంటే తిరిగి ఫోన్ చేసి అడగడమే మేలు. ‘సే మే ఈసో తార్దే’ను ‘నాకు ఆలస్యమైంది’ అని ఇట్టే అనుకోవచ్చు గానీ, ఇంగ్లీషులో ఆ మనిషినే కర్తను చేసి ‘ఐయామ్ రన్నింగ్ లేట్’ అని రాయాలి. ‘అఓరితా యేగో’ అన్నవారు పార్కింగ్‌లోనే ఉండవచ్చు, ఇంకా ఇంట్లోనే ఉండవచ్చు. ‘ఇదుగో, వచ్చేస్తున్నా’ అనే మనవాళ్లను ఎరిగినదాన్ని కాబట్టి, ‘వస్తున్నారు, సమయం చెప్పలేదు’ అనే అర్థం వచ్చేలా రాస్తాను.

అయితే ఈ చనువు అపాయింట్‌మెంట్ల వరకే. 1980లో ఫ్లోరిడాలో, స్పృహ తప్పిన ఒక యువకుడి గురించి అతని కుటుంబం ‘ఇంతోక్సికాదో’ అన్నది తిన్నదేదో వికటించిందన్న ఉద్దేశంతో. ఆసుపత్రిలో దాన్ని ఇంగ్లీషు ‘ఇంటాక్సికేటెడ్’ (మత్తులో ఉన్న) అనే మాటగా తీసుకుని, మత్తుమందు మోతాదు మించడంగా అర్థం చేసుకున్నారు. నిజానికి అతని మెదడులో రక్తస్రావమవుతోంది. అతని కాళ్లూ చేతులూ పడిపోయాయి. అందుకే సందేశంలో మందులు, అలర్జీ, వాపు వంటి మాటలు వినిపిస్తే నేను అనువదించను; విన్న మాటను స్పానిష్‌లోనే నమోదు చేసి, శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్‌ను లైన్‌లోకి తీసుకోమని డాక్టరుగారికి చెబుతాను.