నాచుతో వెండి నానో కణాలు: కడిగిన నీళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి

విశాఖ తీరంలో రాళ్లను పట్టుకుని పెరిగే సర్గాసం అనే గోధుమరంగు నాచును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, నీళ్లలో కాచి వడకడితే వచ్చే కషాయంతో వెండి నానో కణాలు, అంటే కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులు తయారవుతాయి. సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం ద్రావణంలో ఈ కషాయం పోసి ఉంచితే మొదట లేత పసుపు, ఆ తర్వాత ముదురు గోధుమ రంగు తిరుగుతుంది. ఆ రంగు మారడం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. నాచులోని పాలీఫినాల్స్, ఫ్యూకోయిడాన్ లాంటి పదార్థాలు వెండి అయాన్లకు (ద్రావణంలో విద్యుదావేశంతో ఉండే వెండికి) ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మారుస్తాయి, పైగా అవే కణాల చుట్టూ పూతలా పట్టి అవి ఒకదానికొకటి అంటుకుని ముద్ద కట్టకుండా చూస్తాయి. అంటే సోడియం బోరోహైడ్రైడ్ లాంటి ఘాటు రసాయనం అవసరం లేదు. 2007లోనే తమిళనాడు పరిశోధకులు సర్గాసం వైటీ అనే జాతి నాచుతో 8 నుంచి 12 నానోమీటర్ల బంగారు కణాలు చేసి చూపించారు.

అసలు కష్టమంతా కడగడంలోనే ఉంది. సముద్రపు ఉప్పు కొంచెం మిగిలినా అందులోని క్లోరైడ్ వెండిని పట్టేసుకుంటుంది, గోధుమ రంగు రావాల్సిన చోట తెల్లగా సిల్వర్ క్లోరైడ్ విరుగుతుంది, ఇక ఆ బ్యాచ్ పోయినట్టే. అందుకే కుళాయి నీళ్లతో ఇసుక, గుల్లలు పోయేదాకా, మళ్లీ డిస్టిల్డ్ వాటర్‌తో ఉప్పు పోయేదాకా కడుగుతూనే ఉండాలి.

ఆ నీళ్లు ఎన్ని లీటర్లో పరిశోధన పత్రాల్లో చాలావరకు కనిపించదు! ఆరబెట్టే ఓవెన్‌కి, కణాలను వేరు చేయడానికి గంటల తరబడి గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్ యంత్రానికి అయ్యే కరెంటు కూడా అంతే. వెండి ఎలాగూ గనిలోంచే రావాలి. సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేరిన నీళ్లలో కణాలుగా మారకుండా మిగిలిపోయిన వెండి అయాన్లు ఉండొచ్చు, వాటిని సింకులో పారబోస్తే చివరికి నష్టపోయేవి నీళ్లలోని నాచులే, ఎందుకంటే వెండి అయాన్లు వాటికి విషం. ఇంత జరిగాక ‘గ్రీన్ సింథసిస్’ (పర్యావరణానికి హాని లేని తయారీ) అని శీర్షిక పెట్టుకోవడం నాకు మనసొప్పదు.

ఇంకో చిక్కు, సీజన్‌ని బట్టి నాచులోని పదార్థాల పాళ్లు మారిపోతాయి, దాంతో కణాల సైజు కూడా మారుతుంది. ల్యాబ్‌లో పెంచే క్లోరెల్లా, స్పిరులినా అనే సూక్ష్మ నాచులతో ఈ తలనొప్పి కొంత తగ్గుతుంది, కానీ పెంచడానికి వెలుతురు, పోషకాలు మనమే ఇవ్వాలి.

ఇవన్నీ చూశాకే డయాటమ్‌లు అనే ఏకకణ నాచుల మీద నాకు ఆశ ఎక్కువైంది. నీళ్లలో కరిగిన సిలికాను తీసుకుని, మామూలు ఉష్ణోగ్రతలోనే, వరుసగా సన్నని రంధ్రాలున్న గాజు లాంటి పెంకు కట్టుకుంటాయవి. అక్కడ నానో నిర్మాణమంతా ఆ జీవిదే, మనం వెండి పోయాల్సిన పనే లేదు.