కనిపించని చుక్కలకు నేను పడిన మాటలు

విజువల్ ఫీల్డ్ పరీక్షకు, అంటే చూపు చుట్టుపక్కల ఎంత మేర అందుతుందో చూసే కంటి పరీక్షకు, పంపే డాక్టర్లు ఒక్క మాట ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోతుందో నాకు అర్థం కాదు. "అందులో వేసే చుక్కల్లో దాదాపు సగం మీకు కనిపించవు, కంగారు పడకండి" అంటే చాలు. అది చెప్పే నాథుడు లేక నేను పడిన అవమానం ఇంకా చల్లారలేదు.

మిగతావన్నీ సులువే. అక్షరాల పలక చివరి వరుస దాకా గడగడా చదివేశాను, ఈ వయసులో ఎంతమంది చదవగలరో చూద్దాం. గాలి ఊది కంటి ఒత్తిడి కొలిస్తే 22 వచ్చింది. సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉండాలట. గ్లకోమా, అదే నీటికాసులు, ఉందేమో తేల్చుకుందామని ఫీల్డ్ పరీక్ష రాశారు.

చీకటి గదిలో ఒక కంటికి గంత కట్టి, పెద్ద తెల్లటి గిన్నె లాంటి యంత్రంలో గడ్డం ఆనించమన్నారు. చూపు మధ్యలోని పసుపు దీపం మీదే ఉండాలి. పక్కన ఎక్కడ చుక్క మెరిసినా చేతిలోని మీట నొక్కాలి. ఒక్కో చుక్క ఉండేది సెకనులో ఐదో వంతు. మొదట్లో హుషారుగానే నొక్కాను. తర్వాత చుక్కలు మాయం. యంత్రం మాత్రం టిక్కు టిక్కుమంటూనే ఉంది. చూస్తుండగానే అంచుల నుంచి తెలుపంతా బూడిద రంగులోకి కరిగిపోయి దీపం ఒక్కటే మిగిలింది. నా చూపు అక్కడే, అప్పుడే పోతోందనుకున్నాను. కనిపించిందో, కనిపించినట్టు అనిపించిందో తెలియని మెరుపులకు నొక్కాలో వద్దో తోచలేదు.

"సార్, నిద్రపోతున్నారా? ఇందాకటి పెద్దావిడ మీకంటే నయం" అన్నాడు టెక్నీషియన్, బయట వరుసలో కూర్చున్నవాళ్లందరికీ వినిపించేలా. పరీక్ష నమ్మదగ్గదిగా లేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టిన తీరు చూస్తే నేనేదో దొంగతనం చేశాననుకోవాలి.

తర్వాత చదివితే తెలిసింది అసలు సంగతి. చుక్క కనిపిస్తే యంత్రం మరింత మసకది వేస్తుంది, కనిపించకపోతే కాస్త వెలుగు పెంచుతుంది. అలా సగంసార్లు కనిపించి సగంసార్లు కనిపించని హద్దును వెతుకుతుంది. ఎంత ఆరోగ్యమైన కన్నయినా ఓడిపోయే ఆట ఇది. ఇక ఆ బూడిద రంగు సంగతి ట్రాక్స్‌లర్ అనే స్విస్ వైద్యుడు 1804లోనే రాసిపెట్టాడు. చూపు కదలకుండా నిలిపితే, పక్కన మారకుండా ఉన్న దృశ్యాన్ని మెదడు వదిలేస్తుంది. రెప్ప ఆర్పితే తిరిగి వస్తుంది. రెండు వందల ఏళ్ల నాటి ఈ ముక్క రోజూ ఆ యంత్రం పక్కనే నిలబడేవాడికి తెలియదు, మాటలు మాత్రం వచ్చు!

ఇంకో తమాషా ఉంది. దృష్టి నాడి కంటిని దాటి వెళ్లే చోట వెలుగును పట్టే కణాలు ఉండవు. చూపు మధ్య నుంచి చెవి వైపు సుమారు 15 డిగ్రీల దూరంలో ఉండే ఆ అంధచుక్కలో యంత్రం కావాలనే అప్పుడప్పుడు చుక్క వేస్తుంది. నొక్కామో, చూపు పక్కకు జరిగిందని పట్టేస్తుంది. బతుకంతా ఆ ఖాళీతోనే తిరుగుతున్నా మనకు తెలియదు, చుట్టూ ఉన్నదాంతో మెదడు పూడ్చేస్తుంది. గ్లకోమాలో పోయిన చూపునూ అలాగే పూడుస్తుంది కాబట్టే చాలామంది ఆలస్యంగా వస్తారు. అందుకే ఎంత తిట్టుకున్నా ఈ పరీక్ష ఎగ్గొట్టమని మాత్రం చెప్పను.

రెండోసారి పొద్దుటి డ్యూటీలో ఉన్న అమ్మాయి చేసింది. వాలిన పైరెప్పను టేపుతో ఎత్తి అంటించింది. "మీట నొక్కేటప్పుడే రెప్ప ఆర్పండి, అలసిపోతే మీట నొక్కిపట్టి ఉంచండి, యంత్రం ఆగుతుంది" అంది. మొదటి రిపోర్టులో పైభాగాన కనిపించిన నల్లటి పట్టీ ఈసారి లేదు. అది నా రెప్ప నీడేనట! మొదటిసారి చాలామందికి సరిగ్గా రాదని డాక్టరుగారు అప్పుడు తాపీగా సెలవిచ్చారు.

ఏడాది తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఆ అమ్మాయి డ్యూటీ ఎప్పుడో ముందే ఫోను చేసి కనుక్కుని వెళ్తాను.