కళింగపట్నంలో బూడిద రంగు మబ్బు

ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకున్న గులాబీ, ఊదా రంగుల ఓరియన్ నెబ్యులాని, అంటే ఆకాశంలో నక్షత్రాలు పుట్టే ఆ వాయువు, ధూళి మబ్బుని, ఒక్కసారైనా నా కళ్లతో చూడాలని పుష్య అమావాస్య నాడు కళింగపట్నం బయల్దేరాను. విజయనగరంలో మా డాబా ఎక్కితే గంటస్తంభం వైపు లైట్ల ధాటికి పది చుక్కలు కనిపిస్తే గొప్ప.

శ్రీకాకుళం కాంప్లెక్స్ దాకా బాగానే ఉంది. అక్కడ బస్సు కోసం గంటంబావు నిలబడి, విసుగొచ్చి ఆటో అడిగితే రానూపోనూ 1200 అన్నాడు. బేరమాడితే 900కి దిగాడు గానీ, "పది దాటితే వెయిటింగ్ వేరే" అని మెలిక పెట్టాడు. బీచ్‌లో చీకటికి లోటు లేదు. కాకపోతే కళ్లు చీకటికి అలవాటు పడాలంటే కనీసం 20 నిమిషాలు కావాలి, ఈలోపు ఎవడో ఒకడు బైక్ హెడ్‌లైట్ మొహం మీద కొట్టి పోతాడు, మళ్లీ మొదటికి.

తొమ్మిదికి గొల్లకావిడి, అదే ఓరియన్ నడుములోని మూడు చుక్కల వరస, నడినెత్తికి కాస్త దక్షిణంగా వచ్చింది. ఆ మూడు చుక్కల కింద వేలాడే చిన్న చుక్కల్లో నడిమిదే నెబ్యులా. ఫ్రెండ్‌ని బతిమాలి తెచ్చిన బైనాక్యులర్స్ పెట్టి చూస్తే ఏముంది? చిటికెడు బూడిద ఊదినట్టు చిన్న మసక. గులాబీ లేదు, ఊదా లేదు. 900 రూపాయల బూడిద అనుకున్నాను, నిజంగా ఒళ్లు మండింది.

కోపంతోనే ఫోన్‌ని ఇసుకలో గుచ్చి నైట్ మోడ్‌లో ఫోటో తీస్తే, ఆ మసక దగ్గర లేత గులాబీ! తప్పు నా కళ్లదే. అంత తక్కువ వెలుతురులో పనిచేసే కణాలకి రంగులు తెలియవు. కెమెరా ఆ వెలుగుని కొన్ని సెకన్లపాటు పోగేసుకుంటుంది. నెబ్యులా లోపల కొత్తగా పుట్టిన నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు తగిలి హైడ్రోజన్ ఎర్రగా వెలుగుతుందని ఎప్పుడో చదివిందే, అక్కడ గుర్తు రాలేదు.

వలలు సర్దుకుంటున్న ఒక పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. "ఏటి సూత్తన్నావు బాబూ?"

చెప్పాను. అక్కడ ఇంకా నక్షత్రాలు పుడుతున్నాయని, ఆ వెలుగు బయల్దేరి 1300 ఏళ్లు దాటిందని. అంటే వంశధార ఒడ్డున కళింగనగరంలో, మన ముఖలింగమే అంటారు కదా, గంగరాజులు ఏలుతున్న రోజులన్నమాట. ఆయన ముఖలింగం మాట వినగానే శివరాత్రికి ఏటా వెళ్తామని మొదలుపెట్టాడు, నెబ్యులా ఎటో పోయింది.

"నీ ఫోనుకి అవుపడింది నీకు అవుపడలేదేటి?" అని నవ్వి బైనాక్యులర్స్ తీసుకున్నాడు. నేను చూపించిన చోటు చూడలేదు, తిన్నగా పిల్లలకోడి మీదకి తిప్పాడు. మా నాన్నమ్మ కూడా కృత్తికల్ని అలాగే అనేది, ఆరు లెక్కపెట్టి ఏడోది నాకే కనిపించాలని పందెం కాసేది.

"ఏడేటి బాబూ, బోల్డున్నాయి!" అన్నాడు. లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఇరవై దాటాక ఎక్కడో తప్పి మళ్లీ ఒకటి నుంచి. రోడ్డు మీద ఆటో హారన్ కొడుతోంది, అడిగితే "ఉండు ఉండు" అంటాడే గానీ ఇవ్వడు.

వెయిటింగ్‌కి ఇంకో 100 పడింది.