నవల చదివి గియోన్ వెళ్తే

క్యోటోలోని గీషాల పేట గియోన్‌లో, షిజో వీధి నుంచి హనామికోజి వీధిలోకి తిరిగే మూల మీద ఎర్రమట్టి రంగు గోడలతో ఒక పెద్ద చెక్క ఇల్లు ఉంది. పేరు ఇచిరికి. గుమ్మానికి తెర కట్టి ఉంది తప్ప మెనూ లేదు, టైమింగ్స్ రాసిన బోర్డూ లేదు. అక్క అటూ ఇటూ చూసి, "టికెట్ ఎక్కడిస్తారే?" అంది.

ఇవ్వరు. అది ఒచాయా. గీషాలను పిలిపించి ఆట, పాట, కబుర్లు, మందుతో విందు జరిపించే ఇల్లు. పాత కస్టమర్ ఎవరైనా వెంటబెట్టుకెళ్లి పరిచయం చేస్తే తప్ప కొత్తవాళ్లని గడప దాటనివ్వరు. మొదట్లో ఇదంతా బడాయి అనుకునేదాన్ని. దాని వెనకున్న లెక్క చదివాక అర్థమైంది. విందు రాత్రి అక్కడ ఎవరూ పర్సు తియ్యరు. బయట నుంచి తెప్పించిన భోజనం, గీషాల రుసుము, ఇంటికెళ్లే టాక్సీ, అన్నీ ఒచాయా యజమానురాలే ముందు కట్టేసి, బిల్లు తర్వాత పంపుతుంది. ఒకప్పుడు గీషా గడిపిన సమయాన్ని అగరుబత్తి కాలిన లెక్కన కొలిచేవారు. కస్టమర్ ఎగ్గొడితే పరిచయం చేసినవాడు పూచీ పడాలి. ఇంకో కారణమూ ఉంది. ఆ గదిలో ఏ మంత్రి ఏమన్నాడో, ఏ వ్యాపారి ఎవరి పక్కన కూర్చున్నాడో బయటికి పొక్కకూడదు. నాట్యం, సంగీతం ఎంత నేర్చుకున్నా నోరు కట్టుకోవడం రాకపోతే ఈ వృత్తిలో నిలబడలేరు.

నేనేమో నవలలు చదివి వచ్చినదాన్ని. నవల చేసే పనే ఒకళ్లు దాచుకున్నదాన్ని వాళ్ల నోటితో చెప్పించడం. ఈ రెండు పనులకీ పొత్తు కుదరదని ఈ ప్రయాణంలో అడుగడుగునా తెలిసొచ్చింది.

తమాషా ఏమిటంటే ఇచిరికికి ఇంత పేరు రావడంలో పెద్ద వాటా కల్పిత కథదే. తమ ప్రభువు చావుకి 1703లో పగ తీర్చుకున్న 47 మంది సమురాయ్‌ల సంగతి జపాన్‌లో తెలియనివాళ్లుండరు. దాన్ని 1748లో ఒసాకాలో 'కనదెహోన్ చుషింగురా' అనే తోలుబొమ్మల నాటకంగా ఆడారు. తోలుబొమ్మలు అన్నానని మన ఆట అనుకోకండి, అక్కడివి చెక్కబొమ్మలు. అప్పటికి ఇటీవల జరిగిన సమురాయ్‌ల గొడవల్ని ప్రదర్శించడానికి ఆనాటి ప్రభుత్వం ఒప్పుకునేది కాదు కాబట్టి రచయితలు కథని 14వ శతాబ్దానికి జరిపేశారు. చారిత్రక కల్పన అంటే అవసరం కొద్దీ పుట్టిందన్నమాట. ఏడో అంకం ఇచిరికిలోనే జరుగుతుంది. నాయకుడు శత్రువుల కళ్లు కప్పడానికి తాగుబోతు వేషం వేస్తూ, రహస్యంగా వచ్చిన ఉత్తరం విప్పుతాడు. మేడ మీద ఉన్న ఒకారు అనే అమ్మాయి చేతి అద్దంలో దాన్ని చదివేస్తుంది. అది గమనించి అతను ఆమెకి విడుదల సొమ్ము కట్టి తీసుకెళ్లి చంపేద్దామనుకుంటాడు. చదివిన పాపానికి! ఒకారు గీషా కాదు, భర్త కోసం పుట్టింటివాళ్లు అమ్మేసిన వేశ్య. ఆ కాలంలో ఈ రెండు వృత్తులూ వేరువేరు. గీషా అమ్మేది కళని. అయితే మధ్యనున్న గోడ కాగితమంత పల్చన అన్న సంగతి కూడా దాచక్కర్లేదు.

నన్ను ఇక్కడిదాకా లాక్కొచ్చిన పుస్తకం, అందరికీ తెలిసిందే, ఆర్థర్ గోల్డెన్ అనే అమెరికన్ 1997లో రాసిన 'మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా'. పేదపిల్లని గియోన్‌లోని ఒకియాకి, అంటే గీషాలు పెరిగే ఇంటికి, అమ్మేస్తే ఆ పిల్ల 1930లలో పేరున్న గీషాగా ఎదిగిన కథ. ఒక ప్రొఫెసర్ ఆమె మాటల్ని అనువదించినట్టు ముందుమాట కూడా కల్పించి పెట్టాడు. నిజం జ్ఞాపకాలే అని నమ్మేసినవాళ్లు నాకు తెలుసు. అక్కకి సినిమా తెలుసు. 2005లో వచ్చిన ఆ సినిమాలో ఎక్కువ భాగం కాలిఫోర్నియాలో సెట్లు వేసి తీశారని చెప్తే, "మరి మనం ఇంతదూరం ఎందుకొచ్చినట్టు?" అని నిలదీసింది.

ఆ నవల వెనక ఒక కోర్టు కేసుంది. గియోన్‌లో గీషాగా ఒక వెలుగు వెలిగిన మినెకో ఇవసాకి రచయితకి తన వృత్తి లోగుట్లు చెప్పారు. పేరు బయటపెట్టనని మాటిచ్చి, పుస్తకంలో కృతజ్ఞతలు చెబుతూ తన పేరు వేసేశాడని, కన్నెరికాన్ని వేలం వేశారని రాసి తన ప్రపంచాన్ని కించపరిచాడని 2001లో ఆమె దావా వేశారు. 2003లో రాజీ కుదిరింది. ఈలోగా 2002లో ఆమె తన జీవితకథ తనే ప్రచురించుకున్నారు. ఆమె పుట్టింది 1949లో, నవలలోని అమ్మాయిదేమో యుద్ధానికి ముందు కాలం. ఒకరి అనుభవంతో ఇంకో కాలాన్ని నింపేశాడు రచయిత. నా మటుకు నాకు ఆమె కోపం న్యాయమే అనిపించింది. కానీ పేదింటి పిల్లల్ని అడ్వాన్స్ తీసుకుని అప్పజెప్పడం అనేది కట్టుకథ కాదు. అలా ముందు సొమ్మిచ్చి పిల్లని కట్టిపడేసే ఒప్పందాలు చెల్లవని జపాన్ సుప్రీంకోర్టు 1955లో గానీ తేల్చలేదు. గియోన్ లాంటి మేలురకం పేటల్లో జరగని ఘోరాలు వేడినీటి బుగ్గల ఊళ్లలో జరిగాయి. అలాంటి సువా అనే ఊళ్లో పన్నెండేళ్లకే గీషా ఇంటికి అమ్ముడుపోయిన సాయో మసుదా, సరిగ్గా రాయడం కూడా రాని మనిషి, 1957లో తన కథని పుస్తకంగా తెచ్చారు. పట్టు కిమోనోల వర్ణనలు అందులో వెతికితే దొరకవు. ఆకలి మాత్రం ప్రతి పేజీలో ఉంటుంది. మనవైపు గురజాడ వారి మధురవాణి ఎంత తెలివిగా మాట్లాడినా, ఆ తెలివి వెనక ఒక మగ రచయిత ఉన్నాడని గుర్తుపెట్టుకుంటాం కదా, గోల్డెన్‌ని కూడా అలాగే చదవాలి.

హనామికోజి పక్క సందుల్లోకి వెళ్లబోతే అడ్డంగా బోర్డులు. ప్రైవేటు సందుల్లో ఫోటోలు తీయకూడదన్న నియమం 2019 నుంచీ ఉంది. 2024లో ఆ సందుల్లోకి టూరిస్టులు అసలు అడుగుపెట్టకూడదని, పెడితే 10,000 యెన్‌లు కట్టాలని రాసిపెట్టారు. మైకోల వెంటపడి, కిమోనో పట్టుకు లాగి సెల్ఫీలు అడిగే జనం వల్ల వచ్చిన తంటా ఇది. మైకో అంటే శిక్షణలో ఉన్న అమ్మాయి, శిక్షణ పూర్తయితే గెయికో. క్యోటోలో గీషా అనే మాట కంటే ఇవే వాడతారు. వీధిలో మనకి కనబడే కిమోనోల్లో చాలా మటుకు అద్దెవి, లోపల ఉన్నది మనలాంటి టూరిస్టులే. అసలు మైకోని కనిపెట్టడం తేలిక. ఆగదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఎత్తు చెక్కజోళ్లతో టకటకా నడిచి, చూస్తుండగానే ఏదో ఒక గుమ్మంలోకి మాయమైపోతుంది. మేం చూసిన అమ్మాయి పెదాల్లో కిందిదానికి మాత్రమే ఎరుపు ఉంది. అంటే కొత్తగా రంగప్రవేశం చేసిందన్నమాట. వీపు మీద నుంచి మడమల దాకా వేలాడే ఒబి అనే నడుం పట్టీ అంచున ఒకియా ముద్ర ఉంటుంది. పూర్వం మరీ చిన్నపిల్లలు మైకోలయ్యేవారు కాబట్టి, తప్పిపోతే ఏ ఇంటి పిల్లో తెలియడానికి ఆ ముద్ర అంటారు. ఫోటో తియ్యలేదు. తియ్యబుద్ధి కాలేదు. అక్క కూడా ఫోన్ బ్యాగులో పెట్టేసుకుంది, అది మాత్రం నిజంగా విశేషమే.

గియోన్ మనలాంటివాళ్లకి తలుపు తీసేది ఏప్రిల్‌లో, మియాకో ఒదోరి అనే నాట్య ప్రదర్శనకి. మా ప్రయాణం ఏప్రిల్‌లో పెట్టుకున్నదే అందుకు. 1869లో చక్రవర్తి టోక్యోకి తరలిపోయాక క్యోటో వెలవెలబోయింది. ఊరిని మళ్లీ నిలబెట్టడానికి 1872లో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టి, అందులో గీషాల నాట్యాన్ని మొదటిసారి టికెట్ కొన్న ప్రతివాళ్ల ముందుకి తెచ్చారు. విందు గదిలో కొద్దిమంది ముందు ఒక్కళ్లో ఇద్దరో ఆడేదాన్ని వరసలు కట్టి వేదిక నిండా ఆడేలా మార్చింది మూడో తరం యచియో ఇనోఉఎ. గియోన్ కోబు పేటలో నేటికీ ఆ ఇనోఉఎ బాణీ తప్ప ఇంకోటి నేర్పరు.

ప్రదర్శనకి ముందు టీ ఇచ్చే టికెట్ తీసుకున్నాం. గదిలో ముందువైపు గెయికో టీ కలుపుతుంటే బల్లల దగ్గర జనం కిక్కిరిసి కూర్చుని గబగబా తాగేసి లేవాలి. ప్రశాంతత అనుకుని వెళ్తే నిరాశే, పెళ్లిలో రెండో పంక్తి భోజనం లాగే ఉంటుంది. స్వీట్ పెట్టిన చిన్న ప్లేటు మాత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు. హాల్లో దీపాలార్పగానే "మియాకో ఒదోరి వా" అని ఒక గొంతు, "యోయియాసా" అని అందరి గొంతులూ. రెండు పక్కల నుంచీ నీలం కిమోనోల్లో అమ్మాయిలు వరసగా వచ్చారు. తెర దించకుండా గంటసేపు, దృశ్యం తర్వాత దృశ్యం, నాలుగు రుతువులూ తిరిగొచ్చేస్తాయి. నాట్యంలో ముఖం కదలదు. మన కూచిపూడి చూసిన కళ్లకి మొదటి పావుగంట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత మెడ ఒంపు, విసనకర్ర తిప్పే మణికట్టు చూడటం అలవాటైంది. నాకు ఎక్కువ నచ్చింది పక్కన కూర్చుని షామిసెన్ అనే తీగవాద్యం వాయించిన పెద్దావిడలు. అరవై దాటినవాళ్లు కూడా ఉన్నట్టు కనిపించారు. నవలల్లో గీషా కథ ఒక మగవాడు దొరకడంతోనో దొరకకపోవడంతోనో ముగిసిపోతుంది. ఈ ఆడవాళ్లు ఉద్యోగం చేస్తున్నారు.

మర్నాడు షిరకవ కాలవ ఒడ్డున ఒక రాయి చూశాం. ఇసాము యోషీ అనే కవి గియోన్ మీద చెప్పిన పద్యం చెక్కి 1955లో పెట్టారు. నిద్రలో కూడా తలగడ కింద నీళ్లు పారుతున్నట్టుంటుంది అంటాడాయన. పద్యంలో అతిశయోక్తి లేదు, ఇళ్లు కాలవ మీదకే ఉండేవి. ఆ రాయి ఉన్నచోట దైతోమో అనే ఒచాయా ఉండేది. దాన్ని నడిపిన తకా ఇసోదా ఒకప్పటి గీషా, పుస్తకాల మనిషి, సోసెకి, తానిజాకి లాంటి రచయితలకి స్నేహితురాలు. 1944లో ప్రభుత్వం గీషా పేటల్ని మూయించింది. 1945లో బాంబుల మంటలు పాకకుండా ఖాళీ జాగా కావాలని ఈ వరసంతా కూలగొట్టించింది. అదే ఏడాది తకా కన్నుమూశారు. పక్కనే చెర్రీపూల కింద పెళ్లి ఫోటోల కోసం క్యూ ఉంది. మేమూ కాసేపు నిలబడి చూశాం, బాగానే ఉన్నారు.

అక్కడి నుంచి కనజావా అనే ఊరికి. ఇదివరకు క్యోటో నుంచి ఒకే రైలు. 2024 మార్చిలో షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) వచ్చాక మధ్యలో త్సురుగా స్టేషన్‌లో దిగి మారాల్సిందే. సూట్‌కేసులతో ఎస్కలేటర్ మీద పరుగు, టెన్షన్.

కనజావాలో హిగాషి చాయా పేటకి వెళ్తే గియోన్‌లో బయటి నుంచి చూసిన గోడలకి లోపలి వైపు కనిపిస్తుంది. 1820లో ఇక్కడి మయేదా ప్రభువులు ఊళ్లో చెల్లాచెదురుగా ఉన్న ఒచాయాలన్నిటినీ ఒకచోట చేర్చారు. అప్పుడు కట్టిన షిమా అనే ఇల్లు ఇప్పుడు మ్యూజియం, టికెట్ కొనుక్కుని దర్జాగా వెళ్లొచ్చు. అక్క మొహం వెలిగిపోయింది.

మేడ మీద గదులన్నీ అతిథులకే. గోడలకి ఎరుపు, గది వెనక ఆట పాటలకి వేరే చిన్న గది. బీరువాలు, అలమారలు ఒక్కటి కూడా లేవు. ఎవరూ కాపరం ఉండే చోటు కాదు కదా, దాచుకోవాల్సిన సామాను కూడా ఉండదు. కింద వంటగది, బావి, లెక్కలు చూసుకునే చోటు. వెలుతురు తక్కువ. గాజు పెట్టెల్లో దువ్వెనలు, జడ పిన్నులు, షామిసెన్ మీటే పలకలు. మేడ మీద రంగుల గదుల్లో చాలాసేపు తిరిగాను గానీ, ఈ ఇంటి కథ జరిగింది మాత్రం కింద వంటగదిలోనే అనిపించింది.

అసానో నది దాటి కొంచెం నడిస్తే క్యోకా ఇజుమి మ్యూజియం, ఆయన పుట్టిన ఇంటి స్థలంలోనే కట్టారు. 1873లో పుట్టిన ఈ రచయిత టోక్యోలో సుజు అనే గీషాని ప్రేమించాడు. ఆయన తల్లి పేరు కూడా సుజునే, ఆయన చిన్నప్పుడే పోయింది. గురువు కోయో ఒజాకి ఒప్పుకోలేదు, విడిపొమ్మని గద్దించాడు. 1903లో గురువు పోయాకే వాళ్లు కలిసి బతకగలిగారు, చివరిదాకా బతికారు. ఆ గాయంలోంచి 1907లో ఒక నవల వచ్చింది. గోల్డెన్ కంటే ఈయన ఎంత దగ్గరివాడు! అయినా అందులోనూ కథ చెప్పే గొంతు ఆయనదే.

రైల్వే స్టేషన్‌లో కాఫీ తాగుతూ అక్కతో అన్నాను, నేనే గనక ఇలాంటి నవల రాస్తే గీషా గురించి రాయను, ఒతోకోషి గురించి రాస్తానని. మగవాళ్లకి ప్రవేశం లేని ఒకియాలోకి రోజూ సాయంత్రం వచ్చి మైకోలకి కిమోనో కట్టి వెళ్లే మగమనిషి అతను. ఆ బరువైన ఒబిని బిగించి కట్టడానికి బలం కావాలి, అందుకే ఈ పని మగవాళ్లకొచ్చింది. ఎవరు ఏడ్చారు, ఎవరు చిక్కిపోయారు, ఎవరి ఎర్ర కాలర్ తెల్లగా మారి మైకో నుంచి గెయికో అయ్యారు, అన్నీ అతనికి తెలుస్తాయి.

"తెలిస్తే?" అంది అక్క. "నీకొచ్చి చెప్తాడా?"

చెప్పడు. చెప్పేవాడైతే రెండో రోజు రానివ్వరు. అందుకే కల్పించాలి మరి, అన్నాను. "అప్పుడు నీ మీదా కేసు వేస్తారు," అని కప్పు పారేసి ప్లాట్‌ఫామ్ వైపు నడిచింది.