వజ్రకరూరు బస్సులో పెద్దాయన చెప్పిన లెక్క

జూన్‌లో తొలకరి పడిన నాలుగో రోజు. గుంతకల్లులో లాడ్జి రూముకి పద్నాలుగు వందలు తీసుకున్నారు, ఫ్యానే సరిగా తిరగదు, అడిగితే వజ్రాల సీజన్ కదా సార్ అంటారు. ఒళ్ళు మండింది. పొద్దున తిన్న ఉగ్గాని బజ్జీ మాత్రం నలభై రూపాయలే, కడుపు నిండిపోయింది, మా పొదిలి వైపు ఇలాంటిది దొరకదు.

వజ్రకరూరు బస్సు నిండా సంచులు, సద్ది క్యారేజీలు. దారి పొడవునా చేలల్లో జనం వజ్రాలు వెతుక్కుంటూ తలకాయలు దించుకుని నడుస్తున్నారు, పిల్లలతో సహా. నేనొచ్చింది రాళ్ళేరడానికి కాదు, కింబర్లైట్ పైపులున్న నేల చూద్దామని. దాదాపు 110 కోట్ల ఏళ్ళ కింద భూమి లోపల ఎంతో లోతు నుంచి తన్నుకొచ్చిన రాయి అది, వజ్రం అందులో ఎక్కి పైకొస్తుంది. ఆ రాయి నిలువుగా గొట్టంలాగా నిండిపోయిన చోటునే పైపు అంటారు.

పక్క సీట్లో పెద్దాయనకి ఈ సంగతే చెప్తే నా వైపు తిరిగి కూర్చున్నాడు. "రాయి చూసేకి వచ్చినావా అప్పా? ఆ రాయి నేను మోసినా." వయసులో ఉన్నప్పుడు ఈ పైపులు వెతికే డ్రిల్లింగ్ క్యాంపులో హెల్పర్ అంట. ఇంక బస్సు ఎటుపోతుందో కూడా పట్టించుకోలేదు నేను.

డ్రిల్లింగ్ అంటే నాకు తెలిసింది మా నాన్న వేయించిన బోర్లే. టెంకాయ చేతిలో పెట్టుకుని నడిచే ఆయన చూపించిన చోట లారీ నిలబెట్టి రాత్రంతా కొట్టేవాళ్ళు, బొక్కలోంచి తెల్ల దుమ్ము లేస్తుంటే నాన్న గుప్పెడు పట్టుకుని తడి ఉందా అని నలిపి చూసేవాడు. మూడు బోర్లు ఫెయిలయ్యాయి, నాలుగోదానికి అమ్మ గాజులు పోయాయి.

ఇక్కడ అట్ల కాదంట. ముందు వాగుల్లో ఇసక జల్లించి కింబర్లైట్‌లో ఉండే గింజలు, అంటే ఎర్ర గార్నెట్లు, పచ్చటి డయాప్సైడ్ గింజలు, నల్లటి ఇల్మనైట్ ఏరతారు, అవి ఏ పక్క నుంచి కొట్టుకొచ్చాయో వెతుక్కుంటూ పైకి పోతారు, తర్వాత నేల అయస్కాంత గుణం కొలిచే మాగ్నెటోమీటర్ పట్టుకుని చేలకి అడ్డంగా నిలువుగా నడుస్తారు, ఇదంతా అయ్యాకే రిగ్గు దిగేది. బిట్టు మూతికి సన్న వజ్రాల పలుకులు పొదిగి ఉంటాయి, అది రాయిని పొడి చెయ్యదు, చుట్టూ కోసుకుంటూ పోతే మధ్యలో రాయి కడ్డీలాగా మిగులుతుంది, దాన్నే కోర్ అంటారు, దాన్ని బయటికి లాగి పెట్టెల్లో వరసగా పేర్చి ఎంత లోతుదో రాస్తారు. "పైన సుద్ద మాదిరి తెల్లరాయి, కిందికి పోతే పచ్చగా మెత్తగా, ఇంకా కిందికి పోతే నల్లగా గట్టిగా. ఒక్క ముక్క తారుమారైనా సారు ఊరుకునేవాడు కాదు."

"మరి వజ్రం కనిపించిందా పెద్దాయనా?"

"ఒక్కనాడూ లేదప్పా."

నాకు నిజంగా బాధేసింది. కానీ ఆయన చెప్పిన లెక్క విన్నాక ఫోన్‌లో నేనూ వేసి చూశా. మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర మఝగవాఁ గని ఉంది కదా, అక్కడే వంద టన్నుల రాయికి పది కేరట్ల చుట్టుపక్కల వస్తుంది, అంటే రెండు గ్రాములు. మామూలు కోర్ ఐదు సెంటీమీటర్ల లావు కూడా ఉండదు, వంద మీటర్లు దిగినా చేతికొచ్చేది అర టన్ను రాయి. అందులో ఉంటే గింటే పది మిల్లీగ్రాములు! అందుకే డ్రిల్లింగ్ చేసేది వజ్రం దొరకాలని కాదు, పైపు ఎంత వెడల్పు, ఎంత లోతు, అంచు ఎక్కడ అని తెలుసుకోడానికి. వజ్రాల సంగతి తేలాలంటే తర్వాత టన్నులకి టన్నులు తవ్వి పిండి కొట్టాల్సిందే. తేలినా చాలా పైపులు గని దాకా రావు. ఎన్నేళ్ళ ఓపిక కావాలి దీనికి! ఆ పెట్టెలు మోసిన వాళ్ళ గురించి ఎక్కడా ఒక్క ముక్క చదవలేదు నేను.

వజ్రకరూరులో దిగి ఆయనే దూరం నుంచి చెయ్యి చూపించాడు, అదిగో ఆ చేను కింద ఒక పైపు అని. మామూలు చేనే, ఎవరో వేరుశనగకి దున్ని పెట్టారు. మధ్యాహ్నం దాకా అక్కడే తిరిగి, తిరుగు బస్సు వెళ్ళిపోతే ఆటోకి ఐదు వందలు పోసి గుంతకల్లు చేరా.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి మొత్తం చెప్పా. అంతా విని, "మరి అన్ని బొక్కలు వేశారు కదా, ఒక్కదాంట్లోనన్నా నీళ్ళు పడ్డాయంటనా?" అన్నాడు.

అది అడగలేదు నేను.