బందరు రోడ్డు మీద పావు చుట్టు

కంకిపాడు నుంచి ఆటోనగర్ గేటు దాకా బస్సులో పెద్ద దూరమేం కాదు. నాన్న కొన్న పాత చిన్న ట్రాక్టర్ మీద వెళ్తేనే తెలిసేది. స్టీరింగ్ పావు చుట్టు తిప్పితే గానీ చక్రాలకు కబురందదు. ఈడుపుగల్లు, గంగూరు ఎలాగో దాటాను. పోరంకి నుంచి ఆటోలు, కాలేజీ బస్సులు, ఎదురొచ్చే బైకులు. కానూరు చేరేసరికి చొక్కా పిండుకోవచ్చు. ఊళ్లో ఇప్పటికి మూడుసార్లు టై రాడ్ ఎండ్లు, అంటే ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ కొసల జాయింట్లు, మార్పించాను. డబ్బు వదిలింది, ఊగుడు వదల్లేదు.

ఆటోనగర్లో మూడు షెడ్ల వాళ్లు "సామాను దొరకదండీ, తూకానికేసెయ్యండి" అన్నారు. నాలుగో షెడ్డు పెద్దాయన మాత్రం ఏమీ అడక్కుండా గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరాడు.

"స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం ఊపు బాబూ. చెప్పేదాకా ఆపకు."

వంగి చూశాను. ఒక్కో జాయింటు మీద సగం ఇటు, సగం అటు పడేలా బొటనవేలు ఆనిస్తున్నాడు. రెండు సగాలూ కలిసి కదిలితే సరే, ఒకటి వెనకబడితే దొంగ అదే. టై రాడ్ బాగుంది. స్టీరింగ్ కదలికని చక్రాలకి చేరవేసే డ్రాగ్ లింక్ రెండు కొసలూ బాగున్నాయి. వేలు స్టీరింగ్ బాక్స్ దగ్గర ఆగింది. బాక్స్ షాఫ్టు తిరిగాక, దాని కొసకి తొడిగి డ్రాగ్ లింక్‌ని కదిపే డ్రాప్ ఆర్మ్ తీరిగ్గా కదులుతోంది. ఆర్మ్ లోపలి పళ్లు అరిగిపోయాయి. మూడుసార్లు నేను మార్పించింది నిర్దోషుల్ని!

"వెల్డింగ్ పెట్టించేద్దామా బాబాయ్?"

"స్టీరింగుకా? ఇంట్లో పిల్లలున్నారా నీకు?"

పాత ఇనుము కొట్లన్నీ తిరిగితే రంగేసిన పాత ఆర్మ్ ఒకటి దొరికింది. తొమ్మిది వందలట. బేరమాడితే యాభై తగ్గించి మొహం చిట్లించాడు.

ఊళ్లో మెకానిక్ అయితే ఆర్మ్ తొడిగి, నట్టు బిగించి, పద అనేవాడు. ఈయన డ్రాగ్ లింక్ విప్పేశాడు. స్టీరింగ్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి తిప్పి లెక్కపెట్టాడు: నాలుగున్నర చుట్లు. రెండుంపావు వెనక్కి తిప్పి సుద్దముక్కతో గీత పెట్టాడు. బాక్సుకి అదీ మధ్య. అప్పుడు ఆర్మ్ తొడిగి, చక్రాలు తిన్నగా పెట్టి, వాటికి సరిపడేలా డ్రాగ్ లింక్ పొడవు సర్దాడు. ఆ తర్వాత ముందు టైర్ల మధ్య దూరం. ముందువైపు ఇరుసు ఎత్తులో రెండు టైర్లకీ గుర్తులు పెట్టి కొలిచాడు. ఆ గుర్తులు వెనక్కొచ్చేలా బండి తోయించి, అదే ఎత్తులో మళ్లీ కొలిచాడు. ఒకే గుర్తు దగ్గర కొలిస్తే రిమ్ము వంకర లెక్కలోకి రాదట. వెనకవైపు కన్నా ముందువైపు దూరం 4 మిల్లీమీటర్లు తక్కువ వచ్చేదాకా టై రాడ్ తిప్పి, లాక్ నట్లు బిగించి, స్ప్లిట్ పిన్లన్నీ కొత్తవి వేశాడు. నడుస్తుంటే చక్రాలు బయటికి విచ్చుకుంటాయి, అందుకే ఆ నాలుగు.

పాత మాస్సీ 35 ట్రాక్టర్‌కి డ్రాగ్ లింకులే రెండు, మధ్యలో టై రాడ్ ఉండదు, దాని లెక్క వేరు అని కూడా చెప్పాడు. నేనేమీ అడగలేదు.

కూలి ఆర్మ్ ధరలో సగం కూడా తీసుకోలేదు.

సాయంత్రం బందరు రోడ్డెక్కాను. కామయ్యతోపు దగ్గర అలవాటుగా పావు చుట్టు తిప్పాను. బండి మాట విని నేరుగా పక్క ఆటో మీదికి పోయింది. ఆటో అతను నన్నన్న మాటలు ఇక్కడ రాయలేను. పోరంకి దాకా చేతులు ఒళ్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా తోలాను.